మోరీ ఎవరిది?



"ఎండలు ముదిరింది ఏసీలవాళ్ల వల్ల, కాలువ చెడింది ఫ్యాక్టరీలవాళ్ల వల్ల. మనమెందుకు కడగాలి?" మన వాడల్లో ఈ మాట వింటుంటాం. అబద్ధమని అనలేం. కొలిమి ముందు కూర్చునే మనకే వేడి ముందు తగిలేది.

పంజాబ్‌లో కాలీ బేయీ అనే నది ఉంది, సుమారు 160 కిలోమీటర్లు. సుల్తాన్‌పూర్ లోధీలో గురునానక్ దేవ్ జీ స్నానమాడిన నది అది. ఊళ్ల మురుగుతో, గుర్రపుడెక్కతో పూడిపోయింది. 2000లో సంత్ బల్బీర్ సింగ్ సీచేవాల్ అందులో దిగారు. వెనక సంగత్ దిగింది. ఆ డెక్కను చేతులతోనే లాగారు, గట్లు వేశారు, చెట్లు నాటారు. మురుగును చెరువుల్లో నిలిపి, తేర్చి, పొలాలకు పారించారు.

ఇలా కడుగుతూ పోతే పాడుచేసేవాళ్లకు అలుసు కాదా? మాకూ ఈ సందేహం వచ్చింది. కానీ సీచేవాల్ జీ మురుగు వదిలేవాళ్లను నిలదీయడం మానలేదు. బురదలో నిలబడ్డ మనిషి అడిగితే ఆ మాట బరువే వేరు.

లంగర్‌లో పళ్లెం తోమేటప్పుడు ఎవరు తిన్నారని అడగం. మోరీ దగ్గరే లెక్క ఎందుకు? పైగా తుక్కు ఇనుముతో కత్తి, బకెట్ చేసే చేతులు మనవి. పారేసినదాన్ని పనికి తేవడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. వచ్చే సంగ్రాంద్ దివాన్ అయ్యాక, లంగర్ కడిగిన నీళ్లను వేపమొక్కల పాదుల్లోకి మళ్లిద్దాం. పార, గునపం మనింట్లోనే ఉన్నాయి.