బురద ఎవరి ఖాతాలో?

ఒక బిల్డరు రాసిన ఉత్తరంలోని వాక్యం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. విశాఖపట్నంలో మధురవాడ దాటాక కొండవాలులో రెండెకరాలు చదును చేస్తున్నారు. అక్టోబరులో వాయుగుండం పట్టి రెండు రాత్రులు ఏకధాటిగా కురిసింది. తవ్వి వదిలేసిన ఎర్రమట్టి కిందికి దిగి గెడ్డలో, అంటే వాగులో, పడింది. గెడ్డ పూడి, నీళ్ళు దారి మళ్ళి, ఒడ్డు మీది ఇళ్ళలోకి మోకాలి లోతు బురద చేరింది. పరిహారం అడిగిన ఇళ్ళవాళ్ళకి వచ్చిన జవాబు ఇది: "ఇది పూర్తిగా దైవికం. ఇందులో మా ప్రమేయం ఏమీ లేదు."

నేను సివిల్ ఇంజనీరుని. వాలు స్థలాల్లో మట్టిపని, నీటి పారుదల చూసి సలహా చెప్పడం నా వృత్తి. ఆ ఇళ్ళవాళ్ళు పిలిస్తే నష్టం లెక్క కట్టడానికి వెళ్ళాను. లెక్క కట్టాను, వ్యవహారం ఎలాగో సర్దుబాటయింది. ఆ "దైవికం" మాత్రం నాతోపాటు ఇంటికొచ్చింది. రోజూ దీపం పెట్టుకునే మనిషిని నేను. ఎవరో వదిలేసిన పనిని నా దేవుడి పద్దులో రాస్తే చూస్తూ ఊరుకోలేను.

మన పెద్దలు బాధల్ని మూడుగా విడదీశారు. సాంఖ్యకారిక అనే దర్శన గ్రంథం మొదలయ్యేదే ఈ తాపత్రయంతో, అంటే మూడు బాధలతో. మన ఒంట్లోనో మనసులోనో పుట్టేది ఆధ్యాత్మికం. తోటి ప్రాణుల వల్ల కలిగేది ఆధిభౌతికం. గాలి, వాన, పిడుగు, గ్రహాల వల్ల వచ్చేది ఆధిదైవికం. శాంతి మంత్రం చివర మూడుసార్లు శాంతి అనడం ఈ మూడింటి కోసమేనని చిన్నప్పుడు మా ఇంట్లో చెప్పేవారు. మరి గెడ్డ పక్క ఇంట్లోకి వచ్చిన బురద ఏ తాపం? బిల్డరు మూడోదన్నాడు. బియ్యం డబ్బా కడుక్కుంటున్న ఒక పెద్దావిడ, నన్ను బిల్డరు తరఫు మనిషిననుకుని, ఇలా అంది: "వాన మాకూ పడ్డాది తల్లీ. మా వాకిట్లో మట్టి ఎక్కడికీ ఎల్లనేదు. మీ మట్టే మా ఇంట్లోకొచ్చీసింది."

ఆవిడ చెప్పింది తాపత్రయ విభాగమే. వాన మూడోది, మట్టి రెండోది. రెండూ కలిసి వచ్చినంత మాత్రాన రెండూ ఒకటైపోవు.

ఇది ఊరికే అంటున్న మాట కాదు, మా లెక్కలు కూడా ఇక్కడికే వస్తాయి. పెద్ద వానచినుకు సుమారు 5 మిల్లీమీటర్లుంటుంది. నేలను తాకేవేళకి దాని వేగం సెకనుకి 9 మీటర్ల దాకా పోతుంది. గడ్డి మీదో ఆకుల మీదో పడితే ఆ దెబ్బ అక్కడే చచ్చిపోతుంది. ఉత్త నేల మీద పడితే మట్టి రేణువులు విడిపోయి ఎగిరిపడతాయి. అందులోని సన్నమట్టి నేల రంధ్రాల్ని మూసేస్తుంది. ఇక నీళ్ళు ఇంకడం మాని పారడం మొదలుపెడతాయి. ముందు పలచని పొరగా, తర్వాత వేలెడు కాలవలుగా, ఆపైన మనిషి దిగేంత గండ్లుగా. మా తూర్పు కనుమల ఖొండలైట్ రాయి చివికితే ఎర్రమట్టవుతుంది. ఎండలో గునపానికి కూడా లొంగదు, నానిందంటే నిలవదు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్ళకి నీరు ఎర్రనేలను ఎలా కోస్తుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ దిబ్బలు అలా తయారవడానికి వేల ఏళ్ళు పట్టింది. చెట్టూ చేమా తీసేసి నిటారుగా కోసిన సైట్‌కి రెండు రాత్రులు చాలు.

అమెరికా వ్యవసాయ శాఖలో విష్‌మైయర్, స్మిత్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి పొలాల్లో తీసిన కొలతల్ని కూర్చి ఒక సూత్రం తయారుచేశారు. 1965లో, మళ్ళీ మార్పులతో 1978లో ఆ శాఖ దాన్ని పుస్తకంగా వేసింది. పొలాల కోసం పుట్టిన ఆ సూత్రాన్నే ఇప్పుడు నిర్మాణ స్థలాలకీ వాడుతున్నాం. ఒక నేల నుంచి ఏటా పోయే మట్టి ఆరు అంశాల గుణకారం అంటుంది అది: వాన తీవ్రత, మట్టి స్వభావం, వాలు పొడవు, వాలు ఎంత నిటారుగా ఉంది, నేల మీద కప్పు ఏమిటి, ఆపడానికి ఏం చేశారు. నన్ను పట్టుకున్నది ఆ జాబితా. మొదటి రెండూ మనవి కావు. వాన పై నుంచి వస్తుంది, కొన్న చోట ఏ మట్టి ఉంటే అదే ఉంటుంది. మిగతా నాలుగూ మనవే. వాలును మెట్లుగా విడగొట్టొచ్చు, కోత ఏటవాలుతనం తగ్గించొచ్చు, కప్పొచ్చు, అడ్డుకట్టొచ్చు. పైగా ఇది గుణకారం. ఒక్క అంశం సున్నాకి దగ్గరైతే మొత్తం సున్నాకి దగ్గరవుతుంది. ఉత్త నేలకి కప్పు విలువ 1 అనుకుంటే, దట్టంగా అల్లుకున్న గడ్డికి అది నూరో వంతుకి దిగుతుంది. దైవం ఎంత గట్టిగా కురిసినా అంతే.

భారతం అనుశాసన పర్వంలో ధర్మరాజు భీష్ముణ్ణి ఈ ప్రశ్నే అడుగుతాడు: దైవం గొప్పదా, పురుషకారం, అంటే మనిషి ప్రయత్నం, గొప్పదా? పూర్వం వసిష్ఠుడికి బ్రహ్మ చెప్పిన సమాధానాన్ని భీష్ముడు వినిపిస్తాడు. అక్కడ దైవం విత్తనం, పురుషకారం క్షేత్రం. ఎన్నోసార్లు చదివిన ఆ చోట, ఆ అక్టోబరు తర్వాత నాకు కొత్తగా కనిపించింది ఒకటే: నేలను మనిషి వైపు పెట్టారు. పొలాలు దున్నే జనం మధ్య పుట్టిన మాట కదా, అలా కాక ఇంకెలా పెడతారు! యోగవాసిష్ఠంలో ఆ వసిష్ఠుడే రాముడికి ఇంకా ఖండితంగా చెబుతాడు. దైవం అని మనం అంటున్నది మునుపు మనం చేసిన ప్రయత్నం తప్ప మరొకటి కాదని. దాన్ని జన్మాంతరాలకి అన్వయించుకునే ఓపిక నాకు లేదు. నా కళ్ళముందున్న సైట్‌కి అన్వయిస్తే చాలు. గురువారం సాయంత్రం పొక్లెయిన్ కోసి, కప్పకుండా వదిలేసిన వాలు, శనివారం రాత్రికి దైవం అయిపోయింది.

ఆ స్థలానికీ భూమిపూజ జరిగింది. నేను పనిచేసిన చోట్ల ఎక్కడా అది లేకుండా పార పడలేదు. ఈశాన్యం మూల గొయ్యి తీసి నవధాన్యాలు, పంచలోహాలు వేస్తారు. తవ్వబోతున్నందుకు క్షమించమని పంతులుగారు భూదేవిని అడిగిస్తారు. ఆ అడగడం మీద నాకు సంపూర్ణమైన గౌరవం ఉంది. పొద్దున్నే నేలకి దణ్ణం పెట్టుకుని కాలు మోపే ఇంట్లో పెరిగాను. అయితే క్షమించమని ముందే అడిగామంటే, గాయం చేయబోతున్నామని సాక్షుల ముందు ఒప్పుకున్నట్టు. ఒప్పుకున్నాక మాన్పే పూచీ ఎవరిది? అథర్వవేదంలోని భూమిసూక్తానికి ఈ సంగతి తెలుసు. తవ్విన చోటు త్వరగా మళ్ళీ మొలవాలన్న కోరిక అందులో ఉంది. తవ్వడంతో పాటే చికిత్స కూడా అడిగాడు ఆ సూక్తం చెప్పిన రుషి. అమెరికా పర్యావరణ సంస్థ నిర్మాణ స్థలాలకి ఇచ్చే అనుమతిలో, 14 రోజులు లేదా అంతకుమించి పని ఆగే చోట నేలను కప్పే పని వెంటనే మొదలుపెట్టాలని ఉంటుంది. వాళ్ళు వేదం చూసి రాయలేదు. నేలను తవ్వి, వానను చూసినవాళ్ళు ఎవరైనా అక్కడికే చేరతారు.

వాస్తు విషయంలోనూ నాకు ఒక బాధ ఉంది. వరాహమిహిరుడు బృహత్సంహితలో నేలను పరీక్షించే పద్ధతి చెప్పాడు. మూరెడు గొయ్యి తీసి, ఆ మట్టితోనే పూడ్చి, మట్టి మిగులుతుందో చాలదో చూడమన్నాడు. గొయ్యిలో నీళ్ళు పోసి నూరడుగులు నడిచి వచ్చి, నీరు ఎంత తగ్గిందో చూడమన్నాడు. మేం ఈనాడు చేసే ఇంకుడు పరీక్ష అదే. నేల మాట వినాలి, నీటి మాట వినాలి అన్న శాస్త్రం అది. ఇప్పుడు దాన్నుంచి మనకి మిగిలింది, వాన నీరు ఈశాన్యం నుంచి బయటికి పోతే యజమానికి మేలు అన్న ఒక్క ముక్క. బయటికి పోయాక? అది కింది ఇంటివాళ్ళకి ఏ దిక్కు నుంచి వస్తోంది, ఏం మోసుకొస్తోంది అని ఏ పండితుడూ అడగగా నేను వినలేదు. శాస్త్రం ప్రహరీ గోడ దగ్గర ఆగిపోయింది. నీరు ఆగలేదు.

ఎర్రమట్టి దిబ్బలున్న ఆ భీమిలి రోడ్డు మీదే తొట్లకొండ ఉంది. రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులుండేవారు. 1988 నుంచి 1993 వరకు జరిగిన తవ్వకాల్లో స్తూపాలు, విహారాలు, చైత్యాలు బయటపడ్డాయి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే కొండకి ఆ పేరు. నేను తరచూ వెళ్ళే చోటు అది. ఆ భిక్షువుల వినయపిటకంలో నేల తవ్వకూడదని ఒక నియమం ఉంది. ఆళవి అనే చోట భిక్షువులు నేల తవ్వుతుంటే, ప్రాణమున్న మట్టిని హింసిస్తున్నారని జనం గొణిగారట. దాంతో బుద్ధుడు ఆ నియమం పెట్టాడంటారు. వర్షావాసానికీ అలాంటి కథే. వానల్లో తిరుగుతూ పచ్చిగడ్డినీ చిన్న ప్రాణుల్నీ తొక్కుతున్నారని జనం తప్పుపట్టారు. వానాకాలమంతా ఒకేచోట ఉండాలని బుద్ధుడు అన్నాడు. జైన మునులు, మన మఠాల యతులు ఇప్పటికీ చాతుర్మాస్యం పాటిస్తున్నారు.

ఇందులో నాకు నచ్చేది, ఆ నియమాలు ధ్యానంలో పుట్టకపోవడం. పక్కవాళ్ళ ఫిర్యాదులోంచి పుట్టాయి. గెడ్డ పక్క పెద్దావిడ లాంటివాళ్ళెవరో అన్న మాటకి ఒక మహాపురుషుడు చెవి ఒగ్గాడు. ధర్మం అలా కూడా పుడుతుంది.

అలాగని కట్టడమే పాపం అనను. ఆ భిక్షువులూ కొండను తొలిచారు. వాన నీరు కొండ దిగిపోకుండా నిలపడానికి తొలిచారు. మా వృత్తికీ ఒక చాతుర్మాస్యం ఉండాలి. విశాఖకి జూన్ నుంచి వానలు, అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు. మట్టిపని జనవరి నుంచి మే లోపు ముగించుకుంటే సగం గొడవ ఉండదు. కుదరనప్పుడు, ఆ వారం కట్టగలిగినంత మేరే నేల తెరవాలి. ముహూర్తానికి మూఢం చూస్తాం, ఆషాఢం వద్దంటాం. వాయుగుండాల నెలలు ఎందుకు చూడం?

పంకప్రక్షాళన న్యాయం అని శాస్త్రాల్లో ఒకటుంది. బురద అంటించుకుని కడుక్కోవడం కన్నా దాని జోలికి పోకపోవడం మేలన్నది దాని సారం. వేదాంతులు దాన్ని ఉపమానంగా వాడతారు, మాకు అది అక్షరాలా నిజం. ఇసుక రేణువు మీటరు లోతు నీళ్ళలో క్షణాల్లో అడుగు చేరుతుంది. మిల్లీమీటరులో నూరో వంతుండే ఒండ్రుకి మూడు గంటలు కావాలి. వెయ్యో వంతుండే బంకమట్టికి, నీరు కదలకుండా ఉన్నా పది రోజులకి పైనే. అంటే సన్నమట్టి ఒకసారి నీళ్ళలో కలిసిందా, దాన్ని పట్టుకోవడం దాదాపు మన వల్ల కాదు. కింద కట్టే సిల్ట్ ఫెన్స్ (మట్టిని ఆపే గుడ్డ కంచె), ఒండ్రు గుంట, గేటు దగ్గర పరిచే కంకర ప్రాయశ్చిత్తాలు. అవీ ఉండాలి. ఫెన్స్ గుడ్డ అంచుని ఆరంగుళాలు నేలలో పాతకుండా ఊరికే కర్రలకి కట్టి ఫొటో తీసుకుంటే అది ప్రాయశ్చిత్తం కూడా కాదు. అసలు ధర్మం పైన ఉంది: పైవాలు నీటిని సైట్‌లోకి రాకుండా పక్కకి మళ్ళించే కాలవ, కోసిన ముఖం మీద కొబ్బరి పీచు వల, దాని కింద గరిక, గట్ల మీద వట్టివేరు. వినాయకుడికి పెట్టే గరికే. అంత పొట్టి గడ్డి నేలను అంత గట్టిగా పట్టుకోవడం చూసినప్పుడల్లా ఆ పూజకి దాన్నెందుకు ఎంచుకున్నారా అని ఆలోచిస్తాను.

ఇదంతా పెద్ద కంపెనీలకే అంటారు. మన దేశంలో పర్యావరణ అనుమతి అడిగేది కట్టే విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లకి చేరినప్పుడే. అంతకు లోపలి సైట్లే ఊరినిండా ఉన్నాయి. వాటికీ ఈ జాగ్రత్త పెద్ద బరువేమీ కాదు. ఎకరానికి 3,600 ఘనపుటడుగుల ఒండ్రు గుంట ఉండాలన్నది అమెరికా కొలతల్లో ఒకటి. ఎకరమంతా అంగుళం వాన నిలిచినంత అన్నమాట. మధురవాడ రెండెకరాలకి 60 అడుగుల పొడవు, 30 వెడల్పు, 4 లోతు గుంట సరిపోయేది. పొక్లెయిన్ అక్కడే ఉంది. ఒక్క పూట పని.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు నేను ఈ ఊళ్ళోనే ఉన్నాను. ఏ గుంటా ఏ వలా ఆపలేని వాన, గాలి ఉంటాయని నాకు తెలుసు. ఆ రోజుని దైవికం అంటే తల వంచుతాను. కానీ ఆ మాట అనడానికి అర్హత కావాలి. తన చేతిలోని ఆ నాలుగు అంశాల్లోనూ చేయగలిగింది చేసి, అయినా ఓడినవాడు అనాలి దైవం అని. ఏమీ చేయనివాడు అదే మాటని ముందుగా రాసిపెట్టుకుంటే అది భక్తి కాదు, అప్పు ఎగ్గొట్టడం.

ఇప్పుడు నేను సలహాదారుగా ఉండే ఒప్పందాల్లో ఒక నిబంధన రాయిస్తున్నాను. పైకాలవ, కప్పు, గుంట పూర్తయ్యి, ప్రతి వాన తర్వాత చూసి సరిచేసినట్టు సైట్ రిజిస్టరులో నమోదైతేనే, గుంట కొలతకి మించిన వానని యజమాని దైవికం అని చెప్పుకోవచ్చు. లేకపోతే ప్రహరీ దాటిన మట్టి ఎంత దూరం పోతే అంత దూరం ఆయనదే, తీయించే ఖర్చూ ఆయనదే. కొందరు చదివి సంతకం పెడతారు. కొందరు ఆ నిబంధన కొట్టేయమంటారు. వాళ్ళ పని నేను ఒప్పుకోను.