ఎలుక దుఃఖము – మనిషి మందు

మనోవ్యాకులతకు మందు వెదకు శాస్త్రజ్ఞులు మొదట ఎలుకను దుఃఖపెట్టుదురు. బోనును ఒరగబెట్టుట, పడక పొట్టును తడుపుట, రేయింబవళ్లను తారుమారు చేయుట, కొంతసేపు తిండి నీరు మాన్పించుట – ఇట్టి చిన్న బాధలను వారములకొలది మార్చిమార్చి కలిగింతురు. పాల్ విల్నర్, ఆయన సహచరులు 1987లో ప్రకటించిన పద్ధతి యిది. పిమ్మట రెండు సీసాలు పెట్టుదురు. ఒకదానిలో వట్టి నీరు, రెండవదానిలో చక్కెర నీరు. సుఖముగా నున్న ఎలుక తీపివైపు పోవును. వేధింపబడిన ఎలుకకు తీపియందు మక్కువ తగ్గును.

దాని శరీరములోని జమాఖర్చులును మారును. ఆహారమునుండి వచ్చు ట్రిప్టోఫాన్‌తో శరీరము సెరటోనిన్ తయారు చేసికొనును. మామూలుగానే ఆ సరుకులో అధిక భాగము కైన్యురెనిన్ అను వేరొక దారిన పోవును. శరీరములో వాపు పుట్టినపుడు ఆ మళ్లింపు ఇంకను పెరుగును. 2009లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, ఆ మళ్లింపు చేయు ఎంజైమును అడ్డగింపగా, చిట్టెలుకలలో దిగులు లక్షణములు పొడసూపలేదు. ఇది పనికివచ్చు జ్ఞానమే. కాదనుట సత్యవ్రతమునకు సరిపడదు.

చిక్కు ఇక్కడనే యున్నది. ఎలుక దుఃఖము మనిషి దుఃఖము వంటిది కాకున్న ఈ ప్రయోగమువలన ప్రయోజనము లేదు. అట్టిదే యైనచో, దానిని కలిగించు హక్కు ఎక్కడిది? జైనశాస్త్రము ఎలుకను పంచేంద్రియములును మనస్సును గల సంజ్ఞి జీవములలో చేర్చినది. ప్రయోగశాల ఇప్పుడు తెలియకయే దానికి సాక్ష్యము పలుకుచున్నది!

గృహస్థునకు ఆరంభ, ఉద్యోగ, విరోధి హింసలు పూర్తిగా తప్పవు. సంకల్పహింస మాత్రము కూడదు. ప్రయోగము ఉద్యోగహింసయే, నాగలి క్రింద పురుగు చచ్చుట వంటిదే యని కొందరందురు. ఈ పోలిక నిలువదు. పురుగు తప్పించుకొన్నచో రైతు పంటకు నష్టము లేదు. ఇక్కడ బాధయే పంట. ఎలుక దుఃఖపడకున్న ప్రయోగమే విఫలము. కనుక ఇది సంకల్పమునకే మిక్కిలి దగ్గర.

అయినను ఇంటిలో మంచము దిగని తల్లికి మాత్ర మానిపింపుమనుట దయ కాదు. ఆమె ఆ హింసను చేయలేదు, చేయింపలేదు. ఎన్నడో జరిగినదానికై ఇప్పుడు మాత్ర మ్రింగుట అనుమోదన యనుట కఠినము. మందుల దుకాణము నడుపు శ్రావకునిదియు ఇంచుమించు అదే స్థితి. ప్రయోగశాలకు విరాళమిచ్చువాని సంగతి వేరు. అతని ధనము రేపటి బోనును కొనును. కరితమన్న మాట అతనికే తగులును. తప్పదను సాకు ఇప్పుడు మునుపటంత గట్టిది కాదు. 2023లో భారత ప్రభుత్వము కొత్త మందుల నియమములను సవరించి, మానవ కణములతోను కంప్యూటరుతోను చేయు పరీక్షలకు స్థానమిచ్చినది. చెక్కు వ్రాయుటకు ముందు, ఈ సొమ్ము ఏ పరీక్షకు పోవునని ఆ దాత వ్రాతమూలకముగా అడుగవచ్చును.