గుండె ఎవరిది? సంతకము ఎవరిది?

మనుజుని శరీరములో ఆతని యాజ్ఞకై వేచియుండక పనిచేయునది గుండె. నిమిషమునకు డెబ్బది సార్లు చొప్పున దినమునకు లక్ష సార్లు కొట్టుకొనుచున్నను, అది యున్నదను స్మృతియే మనకుండదు. లయ తప్పిననాడు మాత్రము అది మనలను నిద్ర లేపును. ఆ లయను సరిదిద్దు చికిత్స యొకటి వచ్చుటతో మన కుటుంబములలో పాత ప్రశ్న యొకటి క్రొత్తగా తలయెత్తినది. పెద్దవాని శరీరమును గూర్చి నిర్ణయింపవలసినవారెవరు?

గుండెలో కుడివైపు పైగదియందు విద్యుత్ప్రేరణ పుట్టు చోటొకటి కలదు. దానిని 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అనువారు వర్ణించిరి. ప్రేరణ వేరొక చోట పుట్టినను, అడ్డదారిని పట్టి తిరిగినను లయ చెడును. అబ్లేషన్ అను చికిత్సలో తొడమూలమందలి సిరగుండ సన్నని గొట్టములను గుండెలోనికి పంపి, దోషమున్న చోటును కనుగొని, వేడిచేతగాని అతిశీతలముచేతగాని అచ్చట చిన్న మచ్చ కలిగింతురు. మచ్చ విద్యుత్తును సాగనీయదు. ఇట్టి చికిత్స మనుష్యులకు చేసిన సంగతిని అమెరికా వైద్యులు 1982లో ప్రకటించిరి.

ఈ చికిత్స చాలమందికి తక్షణ ప్రాణరక్షణకై చేయునది కాదు. మందులతో కాలము గడుపు మార్గమును తరచుగా ఉండును. కొన్ని విధముల లయభంగము దీనితో దాదాపు పూర్తిగా తొలగును. కొన్ని మరల వచ్చును, రెండవసారి చేయవలసి రావచ్చును. అరుదుగానైనను రక్తస్రావము, గుండె చుట్టు రక్తము చేరుట, పక్షవాతము వంటి అపాయములును కలవు. కావున ఒక పళ్ళెమున అపాయమును, రెండవ పళ్ళెమున బాధను ఉంచి తూచవలయును. అపాయమెంతయో వైద్యుడు చెప్పగలడు. బాధ యెంతయో రోగికే తెలియును. యంత్రము లయను గీసి చూపునుగాని అర్ధరాత్రపు దడను చూపజాలదు.

అయినను మా తొండియార్‌పేట తెలుగు ఇండ్లలో తరచు జరుగునదేమి? కుమారుడు వైద్యునితో అరవములోనో ఆంగ్లములోనో మాటాడి వచ్చి, "ఏమీ లేదు నాన్నా, చిన్న పరీక్ష" అనును. ఇది వంచన కాదు, ప్రేమ. భయముచేత గుండె మరింత కొట్టుకొనునను మాటయు నిజమే. కాని ఈ చికిత్సలో పలువురు స్వల్పమైన మత్తుతో మెలకువగానే యుందురు. బల్లపై పరుండి, ఇది చిన్న పరీక్ష కాదని ఒంటరిగా గ్రహించువాని భయమునకు తోడెవ్వరు?

మేము ఉద్యోగకాలమంతయు కాగితముల నడుమ గడపినవారము. మూరెడు నేల అమ్మిన దస్తావేజునైనను చదివి వినిపించిన పిమ్మటనే వ్రాలు చేయించుట మర్యాద. తెలియక చేసిన సంతకము సిరా మరకయే. మాకీ చికిత్స జరిగినప్పుడు, ఆంగ్లములోనున్న సమ్మతి పత్రమును మా అబ్బాయిచేత పంక్తి వెంట పంక్తి తెలుగులో చెప్పించుకొంటిమి. ప్రాణాపాయమను పంక్తికడ ఆతడాగెను, మేము వేచియుంటిమి, మెల్లగా చదివెను. మా భయము తగ్గలేదు. కాని అంతవరకు ఇరువురును వేరువేరుగా మోసినది, అటుపై కలసి మోసితిమి.

చట్టమును ఈ దారినే నడచినది. మత్తులోనున్న ఒక స్త్రీకి, ఆమె తల్లి సమ్మతితో, ఆమె యెరుగని పెద్ద శస్త్రచికిత్స చేసిన వ్యవహారములో 2008లో భారత సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ప్రాణరక్షణకు తక్షణావసరము లేనప్పుడు, తెలివిగల పెద్దమనిషికి బదులు తల్లియైనను సమ్మతి యీయజాలదని దాని సారము.

హక్కుతోపాటు విధియు పెద్దలకు కలదు. అంతయు విని, "నీ యిష్టము నాయనా" యనుట ఒక నిర్ణయమే. వినకమునుపే అట్లనుట బిడ్డ నెత్తిన బరువు పెట్టుట. ఫలము వికటించిననాడు, రహస్యముగా నిర్ణయించిన కుమారుడు జీవితాంతము తన్ను తానే నిందించుకొనును. వినుటకు జంకు పెద్దలు ఈ సంగతి తలపోయవలయును.

బిడ్డలకు మేము చెప్పునది ఒక్కటే. అంగడిలో చక్కగా అరవము మాటాడు తండ్రికి ఆసుపత్రి అరవము తెలియకపోవచ్చును. ఇంటికి వచ్చి, ప్రక్కన కూర్చుండి, తెలుగులో చెప్పుడు. ఆలోచించుటకు ఒక రాత్రి గడువిండు. ఆయన ఔననవచ్చును, కాదనవచ్చును. ఏదైనను అది ఆయన మాటయై యుండవలయును.