రెండు పంచాంగాలూ, ఒక కుర్చీ

మా ఇంట్లో ఈమధ్య రెండు పంచాంగాలు చేరాయి. ఒకటి ప్రతి ఉగాదికీ మావారు దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దగ్గర కొనుక్కొచ్చేది. రెండోది సింగపూరు నుంచి ఫోన్లో ఫొటోలుగా దిగింది. ఎర్ర అట్ట, లోపల చీమల బారుల్లా చైనా అక్షరాలు.

మా అక్క రెండో కూతురు సింగపూరులో ఉద్యోగం చేస్తూ, అక్కడే పుట్టి పెరిగిన చైనీయుల అబ్బాయిని చేసుకుంటానంది. మీరనుకునేంత రభస ఏమీ జరగలేదు లెండి. ఏడవాల్సినవాళ్లు ఏడ్చారు, అలగాల్సినవాళ్లు అలిగారు, ఆర్నెల్లు తిరిగేసరికి అందరూ "ఇంతకీ పెళ్లి ఏ హాల్లో?" అనే దగ్గరికి వచ్చి ఆగారు. చట్టప్రకారం నమోదు అక్కడే అయిపోయింది. ఇక మిగిలింది ఇక్కడి పెళ్లి. "పిన్నీ, మన పద్ధతీ ఉండాలి, వాళ్ల పద్ధతీ ఉండాలి, చూడ్డానికి మోడరన్‌గా కూడా ఉండాలి" అని పురమాయించి ఫోను పెట్టేసింది పిల్ల. మూడూ ఒకే గిన్నెలో వండే పని కొత్తపేటలో ఉన్న నా నెత్తిన పడింది. అక్క ఉండేది ఎల్.బి. నగర్‌లో. విక్టోరియా మెమోరియల్ దగ్గర మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే. రెండు నెలలు అలా తిరుగుతూనే ఉన్నాను, చేతిలో ఒక నోటుపుస్తకంతో.

మా చిన్నప్పుడు హైదరాబాదులో చైనావాళ్లంటే పళ్ల డాక్టర్లు, లేదంటే బ్యూటీ పార్లర్లవాళ్లు. అంతకుమించి వాళ్ల గురించి మాకు తెలిసింది నూడుల్స్ మాత్రమే. అందుకని మొదటి వీడియో కాల్‌కి ముందు నేను కాస్త భయపడ్డాను. తీరా చూస్తే ఆ వియ్యపురాలు అడిగిన మొదటి ప్రశ్న, "ముహూర్తం ఎప్పుడు పెట్టారు?" అని. నాకు ప్రాణం లేచొచ్చింది.

శ్రావణం బాగుందన్నాం. ఆవిడ మొహం మాడిపోయింది. వాళ్ల లెక్కలో అది ఏడో నెలట. దిక్కులేని దయ్యాలన్నీ తలుపులు తెరుచుకుని లోకం మీదికి వచ్చే నెలట. చాలా ఏళ్లలో మన శ్రావణ పూర్ణిమకి ఒక రోజు అటూ ఇటూగానే వాళ్ల దయ్యాల పండుగ పడుతుంది. మనం వరలక్ష్మీ వ్రతం చేసుకునే రోజుల్లో వాళ్లు పెళ్లి మాటే ఎత్తరు. పోనీ అంతకుముందు నెల పెట్టమందావిడ. అది ఆషాఢం. ఈసారి మా మొహాలు మాడాయి! చివరికి ఫాల్గుణంలో ఇద్దరి దేవుళ్లకీ తీరిక దొరికింది.

ఇలాంటివి బోలెడు. మనం వంద చదివిస్తే పైన ఒక్క రూపాయి పెట్టందే చెయ్యి రాదు. వాళ్లకు పెళ్లి కానుకలో బేసి సంఖ్య పనికిరాదు. (నూటపదహార్లు ఇస్తే గొడవే లేదు, అది సరిసంఖ్యే అని మావారు కనిపెట్టారు.) నాలుగు అన్న మాట చావు అన్న మాటలా వినిపిస్తుందని వాళ్లకి నాలుగు గిట్టదు. మనకి పెద్దనాన్న వేరు, బాబాయి వేరు, మేనమామ వేరు కదా, వాళ్లకీ అంతే, ఒక్కో వరుసకీ ఒక్కో పిలుపు. అన్నిటికీ కలిపి అంకుల్ అనే గోలలేదు. ఆ సంగతి తెలిశాక మా అమ్మ, "అయితే మనవాళ్లే" అని తీర్మానించేసింది.

ఎరుపుతో ఇబ్బందే లేకపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మూడు అంతస్తుల బట్టల కొట్టు ఎక్కి దిగి ఎర్ర పట్టుచీరలు తెచ్చాం. వాళ్లకూ పెళ్లంటే ఎరుపే. చిక్కల్లా తెలుపుతో వచ్చింది. మన మధుపర్కాలు తెలుపే కదా, ఎర్రంచు ఉంటే ఉండుగాక. వాళ్ల ముసలివాళ్లకు తెలుపంటే చావింటి బట్ట. ఎలా చెప్పాలా అని నేను గుటకలు మింగుతుంటే వియ్యపురాలే నవ్వేసింది. ఈ కాలం వాళ్ల పిల్లలు ఫొటోల కోసం తెల్ల గౌన్లు వేసుకోవడం లేదా, మా అత్తగారు దానికే ఊరుకున్నారు, దీనికీ ఊరుకుంటారు అంది.

అసలు కథ టీ దగ్గర మొదలైంది.

నవ్వకండి. వాళ్ల పెళ్లిలో ముఖ్యమైన ఘట్టం అదే. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ మోకాళ్ల మీద వంగి, రెండు చేతులతో కప్పు పట్టుకుని, పెద్దవాళ్లను వరుసపెట్టి పిలిచి ఒక్కొక్కరికే టీ అందిస్తారు. పెద్దవాళ్లు కుర్చీల్లో కూర్చుని తాగి, ఎర్ర కవర్లో డబ్బో, లేకపోతే బంగారమో వాళ్ల చేతిలో పెడతారు. కప్పు అందుకుంటే నిన్ను మా మనిషిగా ఒప్పుకున్నామని. అందులో పాలుండవు. ఎండబెట్టిన ఎర్ర రేగుపళ్లు, తామర గింజలు వేసి తియ్యగా కాస్తారు, కడుపు పండాలని. ఆ పండు మన రేగుపండుకు చుట్టమే. భోగినాడు పిల్లల నెత్తిన మనం పోసేదాన్ని వాళ్లు పిల్లల కోసం తాగుతారన్నమాట.

ఎవరెవరు ఎక్కడ కూర్చోవాలో వియ్యపురాలు ఒక కాగితం మీద కుర్చీల బొమ్మలు వేసి పంపింది. మన వైపు మొదటి కుర్చీ: పెళ్లికూతురి తల్లి.

అక్క ఆ కాగితం చూసి పక్కన పెట్టేసింది. "నేనెందుకే అక్కడ? నువ్వూ మరిదిగారూ కూర్చోండి" అంది.

బావగారు పోయి పదకొండేళ్లు. పెద్దమ్మాయి పెళ్లి ఏడేళ్ల కిందట ఈ ఎల్.బి. నగర్‌లోనే చేశాం. కన్యాదానం పీటల మీద నేనూ మావారూ కూర్చున్నాం. నలుగు పెట్టే వేళకి అక్క సామాన్ల గదిలో లడ్డూలు లెక్కపెడుతోంది. తాళి కట్టే వేళకి ఎక్కడుందో నాకు తెలియదు. తరవాత ఫొటోలు చూస్తే ఒక్కదాంట్లో, స్తంభం పక్కన, సగం మొహం కనిపించింది. అప్పుడు నాకేమీ అనిపించలేదు. నిజం చెప్పొద్దూ, పీటల మీద కూర్చున్నందుకు కాస్త గర్వంగా కూడా ఉంది. అందరూ నా చీర బాగుందన్నారు.

ఈసారీ నేను వెంటనే "అదేం మాటక్కా" అనలేదు. అనాల్సిందని ఇప్పుడు తెలుస్తోంది. "సరే చూద్దాం" అన్నాను.

ఆ సాయంత్రం వీడియోలో వియ్యపురాలు అడిగింది: "ఆవిడకు ఒంట్లో బాగుండదా? కింద కూర్చుని లేవలేరనా? అందుకే కుర్చీ వేశాం కదా!" పిల్ల తెలుగులోకి మార్చి చెప్పి, నా వైపు చూస్తూ ఉండిపోయింది. నేను జవాబు కోసం వెతికాను. ఇంగ్లీషులో చెబుదామంటే ఏ మాట పెట్టినా వినడానికి నాకే సిగ్గేసింది. చివరికి "అది మా పద్ధతి" అన్నాను.

రాత్రి నిద్రపట్టక నోటుపుస్తకం తీశాను. అందులో ఏముందనుకున్నారు? తెల్లవారుజాము ముహూర్తాన్ని పొద్దున పదిన్నరకి జరిపించాం, విమానం దిగినవాళ్లకు నిద్ర చాలదని. మూడు గంటల తంతు గంటన్నరకి కుదించాం, పురోహితులవారు నొచ్చుకోకుండానే ఒప్పుకున్నారు. కాశీయాత్ర ఉంచాం, గొడుగు ఫొటోలో బాగుంటుందని. మా అమ్మమ్మలు కలలో కూడా వినని సంగీత్‌ని చేర్చాం. నలుగుకి హల్దీ అని పేరు మార్చి, పిల్లలందరికీ పసుపు గౌన్లు కుట్టించాం. వేదిక మీద లక్ష్మీదేవి పక్కన చైనా అక్షరం పెట్టిస్తున్నాం. సంతోషం అనే అక్షరాన్ని జంటగా రాసి ఒకటి చేస్తారు, పెళ్లిళ్లకని. ఇన్ని పేజీల్లో పద్ధతి ఎక్కడా మాకు అడ్డం రాలేదు. కెమెరావాడు జరగమంటే జరిగింది, హాలువాళ్లు త్వరగా కానివ్వండంటే తొందరపడింది. అక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొండలా కదలనంటోంది.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. బళ్లో నేనే ఎన్నోసార్లు పాఠం చెప్పాను, తేదీ తప్పితే పిల్లలకు మార్కు కోసేదాన్ని కూడా. పెళ్లి మళ్లీ చేసుకోవచ్చని తేల్చి నూట నలభై ఏళ్లు దాటాక, కన్నకూతురి పెళ్లిలో పసుపుగిన్నె ముట్టుకోవచ్చా అని మా ఇంట్లో ఇంకా మీనమేషాలు!

మర్నాడు పొద్దున్నే ఎల్.బి. నగర్ వెళ్లి ఇదంతా అక్కకి ఏకరువు పెట్టాను. పెద్ద సంస్కర్తలా ఊగిపోతూ. ఆవిడ బియ్యం ఏరుకుంటూ విని, "నాకేదో అవమానమని కాదే. రేపు దానికి కాలు బెణికినా, కడుపు పోయినా, అమ్మ ముట్టుకుంది గనకే అంటారు. ఎవరూ అనకపోయినా నేను అనుకుంటాను" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే చెప్పండి. ఆ వెనక్కి తగ్గడంలో భయం ఎంత, కూతురి మీద ప్రేమ ఎంత? విడదీసి చూపించడం నా వల్ల కాలేదు. నా మనసు తేలికపడడం కోసం ఆవిణ్ణి బలవంతంగా లాక్కొచ్చి కూర్చోబెట్టడం కూడా ఒక రకం పెత్తనమే కదా అనిపించింది. అలాగని వదిలేస్తే మళ్లీ స్తంభం పక్కన సగం మొహం.

పైగా చైనావాళ్లు మనకన్నా ఉదారులని కూడా అనుకోకండి. పెళ్లి ముందురాత్రి పెళ్లికూతురికి తల దువ్వే ఆచారం వాళ్లకుంది. నాలుగుసార్లు దువ్వుతూ నాలుగు దీవెనలు చెబుతారు. (ఇక్కడ మాత్రం నాలుగు గిట్టిందేం అని అడిగితే పిల్ల దగ్గర జవాబు లేదు.) దువ్వే మనిషి ఎవరో తెలుసా? భర్తా పిల్లలూ చల్లగా ఉన్న ఇల్లాలు. పిల్ల చదివి వినిపించగానే అక్క పకపకా నవ్వింది. "అక్కడా ముత్తైదువే కావాలీ!" అని. చాలా రోజులకి విన్నాను ఆ నవ్వు.

అయితే ఈ రోజుల్లో చాలామంది కన్నతల్లి చేతే దువ్వించుకుంటున్నారట. వియ్యపురాలికీ వాళ్లమ్మే దువ్విందట, అప్పటికే వాళ్ల నాన్నగారు లేరట. ఆ ముక్క మాత్రం పిల్ల రెండుసార్లు చెప్పింది, మెల్లగా. అక్క ఏమీ అనలేదు. దువ్వెన కొత్తది కొనాలా అని మాత్రం అడిగింది.

పెళ్లి ముందురాత్రి మా ఇంట్లోనే దువ్వింది. ఆ దీవెనలు ఆవిడకు రావు. అందుకని చిన్నప్పుడు మాకు జడ వేస్తూ అమ్మ ఏం గొణిగేదో అదే గొణిగింది: "కదలకు, కదలకు, ఇంకొక్క చిక్కే." మర్నాడు నలుగు దగ్గర పిల్ల ముందుగా వాళ్లమ్మ చెయ్యే పట్టుకుని పసుపుగిన్నెలో ముంచింది. గిన్నె పట్టుకున్నది నేను. ఒక పెద్దావిడ లేచి బయటికి వెళ్లిపోయింది. భోజనాల వేళకి వచ్చింది లెండి.

కన్యాదానానికి అక్క ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. తల్లి ఒక్కతే చేసినా ఆటంకం లేదని పురోహితులవారు అన్నా సరే. పీటల మీద మళ్లీ మేమే కూర్చున్నాం. ఈసారి నా చీర ఎలా ఉందో నేను గమనించలేదు.

తరవాత టీ. వేదిక మీద ఆ చైనా అక్షరాన్ని డెకరేషన్ కుర్రాడు తలకిందులుగా తగిలించాడని వియ్యపురాలు చూసి నవ్వాపుకోలేక ఎర్ర చీర కొంగు నోట్లో కుక్కుకుంది. కుర్చీలు వేశారు. అక్క గుమ్మం దగ్గరే నిలబడింది. వియ్యపురాలు లేచి వెళ్లి, భాష రాదు గనక ఏమీ మాట్లాడకుండా, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మొదటి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ చెయ్యి అక్క విడిపించుకోలేదు. అల్లుడు మోకాళ్ల మీద వంగి, ఎన్నాళ్లు వల్లెవేశాడో పాపం, "అత్తయ్యా" అని ముద్దుగా పిలిచి కప్పు అందించాడు.

అక్క రెండు చేతులా అందుకుంది. మెల్లగా చివరి గుక్కదాకా తాగింది. రేగుపండు గింజ ఎక్కడ ఊయాలో తెలియక కాసేపు బుగ్గనే పెట్టుకుని, ఆనక నా వైపు వంగి, "పంచదార కాస్త ఎక్కువైందే" అంది.