కొనువాని ధర్మము

వ్యాపారికి ధర్మమనగానే మూడు మాటలు జ్ఞప్తికి వచ్చును. తూకము సరిగా నుండవలెను. ఇచ్చిన మాట తప్పరాదు. వచ్చిన లాభములో కొంత దానము చేయవలెను. ఈ మూడును మంచివే. వీనిని తరతరములుగా పాటించిన కుటుంబములకు అంగడిలో పరపతి నిలిచియుండుట అందరు నెరిగినదే. కాని ఈ మూడింటిని తప్పక పాటించుచు కూడ ఒక వ్యాపారి తన కంటికి కనబడని హింసకు కారకుడు కావచ్చునా? అతడెన్నడును చూడని పొలములో, అతడు పేరైన నెరుగని ఒక బాలిక బడి మాని పనికి పోవుటకు అతడు పెట్టిన ధరయే హేతువైనచో, ఆ దోషమును ఎవరి ఖాతాలో వ్రాయవలెను? నేటి వాణిజ్య లోకమున "కంపెనీలు మానవ హక్కులను గౌరవించుట" యను పేరుతో జరుగుచున్న చర్చ యంతయు ఈ ఒక్క ప్రశ్న చుట్టును తిరుగుచున్నది.

ఈ ప్రశ్న దూరదేశపు పెద్ద కంపెనీలకే సంబంధించినదని తలంపరాదు. సిరవార వంటి ఊరికిని ఇది సంబంధించినదే. కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు అంతర్వేదిలోని ఈ ఊరు చిరకాలము మాన్వి తాలూకాలో నుండి, ఇటీవలనే వేరు తాలూకాకు కేంద్రమైనది. 1956 నవంబరు 1 వరకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది; పిదప మైసూరు రాష్ట్రమున చేరినది; ఆ రాష్ట్రమే 1973 నుండి కర్ణాటకమైనది. తుంగభద్ర ఎడమ కాలువ వచ్చిన పిమ్మట ఈ సీమలో వరి పెరిగినది. నల్లరేగడిలో ప్రత్తి యుండనే యున్నది. కోస్తా జిల్లాల నుండి వచ్చిన తెలుగు రైతుల క్యాంపులును ఏర్పడినవి. కన్నడము, తెలుగు, ఉర్దూ, మార్వాడీ ఒక్క దుకాణపు అరుగు మీదనే వినబడు సీమ యిది. ఇట్టి చోట వ్యాపారి రైతునకు రెండు చివరలను నిలిచియుండును. విత్తునాడు విత్తనమును, ఎరువును అమ్మువాడతడే. పంట ఇంటికి వచ్చిననాడు కొనువాడును అతడే. ఆ విత్తనపు పొట్లము ఎక్కడనుండి వచ్చినదో ఒక్కమారు విచారించిన చాలును, పై ప్రశ్న ఎంత దగ్గరిదో తెలియగలదు.

రాయచూరు అంతర్వేది తూర్పునకు సాగి గద్వాల, అలంపురముల సీమయగును. దానికే నడిగడ్డ యని పేరు. ఈ నడిగడ్డయు, తుంగభద్ర కావలి కర్నూలు జిల్లాయు సంకర ప్రత్తి విత్తనమునకు పేరెన్నిక గన్న ప్రదేశములు. వాణిజ్యమునకు పనికివచ్చిన మొదటి సంకర ప్రత్తి వంగడమును 1970లో సూరతు పరిశోధన కేంద్రమున సి. టి. పటేలు గారు రూపొందించిరి. 1972లో ధార్వాడ నుండి వరలక్ష్మి యను వంగడము వెలువడినది. అప్పటినుండి రైతు ఏటేట క్రొత్త విత్తనము కొనవలసినవాడయ్యెను. ఆ విత్తనమును పండించుట ఒక ప్రత్యేక వృత్తియయ్యెను.

ఆ పని యెట్టిదో తెలిసికొనవలెను. ప్రత్తి పువ్వులో ఆడభాగము, మగభాగము రెండును ఒక్కచోటనే యుండును. సంకర విత్తనము కావలెనన్న, మొగ్గ విచ్చుటకు ముందు సాయంకాలమున దానిలోని కేసరములను చేతితో తీసివేయవలెను. మరునాటి ఉదయమున వేరొక వంగడపు పువ్వును తెచ్చి దాని పుప్పొడిని అంటింపవలెను. దీనినే అక్కడివారు "క్రాసింగు" అందురు. ఒక్కొక్క పువ్వునకు ఒక్కొక్కమారు చేతితో చేయవలసిన ఈ పని నెలల తరబడి సాగును. అందువలన విత్తనపు సేద్యమున ఖర్చులో ప్రధాన భాగము కూలియే. ఆ కూలిని తగ్గించుకొనుటకు దొరికిన మార్గము చిన్నపిల్లలు. వారిలోను ముఖ్యముగా బాలికలు. తలిదండ్రులకు ముందుగానే అడ్వాన్సు ఇచ్చి, ఆ అప్పు తీరువరకు పిల్లను పనికి కట్టివేయుట పరిపాటియయ్యెను. పురుగుమందు చల్లిన చేలలోనే ఆ పిల్లలు వంగి పని చేసిరి.

డాక్టరు దావులూరి వెంకటేశ్వర్లు గారు ఈ విషయమును పరిశోధించి వరుసగా నివేదికలు ప్రకటించిరి. 2003 నాటి నివేదికతో ఇందు విదేశీ విత్తన కంపెనీలకు గల సంబంధము లోకమునకు వెల్లడి యయ్యెను. కంపెనీ మూలవిత్తనము నిచ్చును. దాని క్రింద ఆర్గనైజరు అను మధ్యవర్తి యుండును. అతడు రైతులతో ఒప్పందము చేసికొనును. రైతు కూలీలను పెట్టుకొనును. కనుక కంపెనీ కాగితములలో ఒక్క బాలిక పేరైనను కనబడదు. పొలము మాది కాదు, కూలీలను పెట్టినది మేము కాము అని కంపెనీ చెప్పిన, చట్టమున దానిని తప్పు పట్టుట కష్టము. 2013 ఏప్రిలు 24న బంగ్లాదేశమున రాణా ప్లాజా భవనము కూలి పదునొకండు వందలకు పైగా కార్మికులు మరణించినప్పుడును, అక్కడ బట్టలు కుట్టించుకొన్న పెద్ద వ్యాపార సంస్థలకు ఆ భవనము స్వంతము కాదు. ఆ కార్మికులును వారి జీతగాండ్రు కారు.

అయితే ధరను నిర్ణయించినదెవరు? ఇక్కడనే విషయము మలుపు తిరుగుచున్నది. వెంకటేశ్వర్లు గారు లూసియా డకార్టా గారితో కలిసి 2005లో ప్రకటించిన అధ్యయనము ఈ సంగతినే పరిశీలించినది. కంపెనీ చెల్లించు ధరకు, పెద్దవారికి న్యాయమైన కూలి ఇచ్చి పండించిన రైతునకు గిట్టుబాటు కాదని అది చూపినది. అనగా ఒప్పందములో "బాలలను పెట్టుకొనరాదు" అని వ్రాసి, ధరలో మాత్రము "బాలలను పెట్టుకొననిదే బ్రదుకలేవు" అని చెప్పినట్లు. కాగితము ఒక ఆజ్ఞ యిచ్చుచున్నది, ధర మరియొక ఆజ్ఞ యిచ్చుచున్నది. పేదరైతు వినునది రెండవదానినే.

జైన శ్రావకునకు ఈ విచారణ క్రొత్తది కాదు. హింస మూడు విధములని అతడు చిన్ననాటనే విని యుండును: తాను చేయుట, ఇతరులచే చేయించుట, ఇతరులు చేసినదానిని అనుమోదించుట. కృత, కారిత, అనుమోదనములను ఈ మూడును మనోవాక్కాయములతో కలిసి లెక్కకు వచ్చును. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి: కట్టివేయుట, కొట్టుట, అవయవములను కోయుట, మోయజాలని బరువు మోపుట, అన్నపానములను అడ్డగించుట. ఇవి పశువులకే కాక సేవకుల విషయమునను వర్తించునని వ్యాఖ్యాతలు వివరించిరి. అడ్వాన్సుతో పిల్లను కట్టివేయుట త్రాడు లేని బంధనము కాక మరేమి? అస్తేయవ్రతమున కూడ దొంగతూకములతోపాటు "తదాహృతాదానము" అను అతిచారము కలదు. దొంగ తెచ్చిన సొత్తును చవుకగా దొరికినదని కొనుట దాని యర్థము. కొన్నవాడు తాను కన్నము వేయలేదనిన చెల్లదు. సరకు ఎందువలన అంత చవుకయైనదని అడుగకుండుటయే అతని లోపము.

ఇరువదియొకటవ శతాబ్దమున ఐక్యరాజ్యసమితియు ఇంచుమించు ఇదే త్రోవకు వచ్చినది. 2011 జూనులో మానవ హక్కుల మండలి, జాన్ రగ్గీ అను ఆచార్యుడు సిద్ధపరచిన 31 మార్గదర్శక సూత్రములను ఆమోదించినది. వాని సారము మూడు మాటలు: ప్రభుత్వము హక్కులను రక్షింపవలెను, వ్యాపార సంస్థ వానిని గౌరవింపవలెను, హాని కలిగినచో బాధితునకు పరిహారము దొరకవలెను. సంస్థ బాధ్యతను అందు మూడు మెట్లుగా చెప్పిరి: తాను స్వయముగా కలిగించిన హాని, తాను తోడ్పడిన హాని, తన వ్యాపార సంబంధము ద్వారా తన సరకుతో ముడిపడిన హాని. కృతమును కారితమును ఎరిగిన వానికి ఈ మెట్లు పరాయివిగా తోచవు. 2019లో భారత ప్రభుత్వము ప్రకటించిన బాధ్యతాయుత వ్యాపార మార్గదర్శకములలోని తొమ్మిది సూత్రములలో ఐదవది మానవ హక్కులను గూర్చినదే.

ఇక్కడ దానమును గూర్చి ఒక మాట స్పష్టముగా చెప్పుకొనవలసి యున్నది. 2013 కంపెనీల చట్టములోని 135వ విభాగము ప్రకారము పెద్ద కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభములో 2 శాతమును సంఘహితమునకు వ్యయపరుపవలెను. బడులు, ఆసుపత్రులు, మంచినీటి పథకములు దీనివలన ఏర్పడుచున్నవి, అది మేలే. కాని దానము ఇచ్చువాని దయ. హక్కు పొందువాని సొత్తు. పనివానికి రావలసిన కూలిని తగ్గించి మిగిల్చిన సొమ్ముతో అతని యూరిలో బడి కట్టించినచో, దానము జరిగినదే కాని ఋణము తీరలేదు. ఆ రెండు శాతము ఎట్లు వ్యయమైనదను దానికంటె, తక్కిన తొంబదియెనిమిది శాతము ఎట్లు వచ్చినదను ప్రశ్న పెద్దది. ధర్మశాలలు, గోశాలలు, ఔషధాలయములు నిలిపిన సమాజము ఈ భేదమును అందరికంటె ముందుగా గ్రహింపవలెను.

ఆ విత్తనపు పొలములలో తరువాత ఏమి జరిగినది? డాక్టరు శాంతాసిన్హా గారి ఎం.వి. ఫౌండేషను వంటి సంస్థల ఒత్తిడి వలన కంపెనీలు మాటలకు కూర్చుండవలసి వచ్చెను. ఆ చర్చల ఫలితముగా, బాలలను పెట్టుకొనని రైతులకు ధరపై 5 శాతము అదనముగా ఇచ్చుటకు బేయరు, మొన్‌సాంటో కంపెనీలు ఒప్పుకొన్నవి. తప్పిన వారికి హెచ్చరికలు, ఆ పిమ్మట ధరలో కోతలు ఏర్పడినవి. పొలములను తనిఖీ చేయించిరి. పని మాన్పించిన పిల్లలను బడిలో చేర్పించు ఏర్పాట్లును జరిగినవి. తనిఖీ గల పొలములలో బాలల సంఖ్య తగ్గినదని తరువాతి అధ్యయనములు తెలిపినవి. తనిఖీ లేనిచోట్ల వ్యాధి అంతరించలేదు. అయినను ఒక్క సంగతి రుజువైనది. ధర మారిన, పొలములోని చేతులును మారును. ధరకు అంత శక్తి యున్నదన్నప్పుడు, ధర నిర్ణయించువాడు తనకు సంబంధము లేదనుట ఇక చెల్లదు.

సరకు కొనుట మానివేసినచో చేతులు శుభ్రమగునని కొందరనుకొందురు. అదియు పూర్తిగా నిజము కాదు. 1993 ప్రాంతమున అమెరికాలో బాలకార్మికులు చేసిన వస్తువుల దిగుమతిని నిషేధించు బిల్లు చర్చకు రాగా, బంగ్లాదేశపు బట్టల కర్మాగారములు భయపడి వేలకొలది పిల్లలను ఒక్కసారిగా వెళ్లగొట్టినవి. వారిలో పలువురు రాళ్లు కొట్టుట వంటి మరింత కఠినమైన పనులకు పోయిరి. 1995లో కర్మాగారముల యజమానులు, యూనిసెఫు, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి బడి ఏర్పాట్లతో ఒప్పందము చేసికొన్న తరువాతనే కొంత సరియైనది. వదలిపోవుట సులభము, నిలిచి సరిదిద్దుట ధర్మము.

ఇక సిరవార వ్యాపారి లేవనెత్తగల ఆక్షేపణ ఒకటి కలదు; అది తేలికగా త్రోసివేయదగినది కాదు. "పెద్ద కంపెనీ ధర పెట్టగలదు. పైవాడు చెప్పిన ధరకు తలయొగ్గి, క్రిందివాని బాకీతో సతమతమగు చిన్న దుకాణదారు ఏమి చేయగలడు? అతడు క్వింటాలుకు పది రూపాయలు ఎక్కువ పెట్టిన, ప్రక్క దుకాణము వాడు అతనిని ముంచివేయును గదా?" యని. ఈ భయము నిజమైనది. ఒంటరిగా ధర్మము పాటించువాడు నష్టపోవు సంతలో ధర్మమును కలిసి పాటింపవలెను. తూకపు రాళ్లు, కమీషను రేట్లు, సెలవు దినములు వర్తక సంఘములలో అందరును కలిసి నిర్ణయించుకొనుట వ్యాపారులకు అలవాటే. కూలి రేటును, బాలల విషయమును కూడ అట్లే నిర్ణయించుకొనుటకు అడ్డమేమియు లేదు. ఐక్యరాజ్యసమితి సూత్రములును సంస్థ చిన్నదైన బాధ్యత లేదనవు. దాని శక్తికి తగిన యేర్పాటు చాలునని మాత్రమే చెప్పుచున్నవి.

పైగా కంపెనీ చేతిలో లేనివి, దుకాణదారు చేతిలో నున్నవి కొన్ని కలవు. హమాలీ వీపు మీదికి ఎక్కు బస్తా అట్టిదే. పూర్వము నూరు కిలోల గోనెలు మోయుట మామూలు. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, వయసు వచ్చిన పురుషుడు మోయవలసిన బరువు 55 కిలోలకు మించరాదని సిఫారసు చేసినది. అతిభారారోపణమను మాటకు ఇంతకంటె స్పష్టమైన భాష్యము దొరకదు. బస్తా బరువు, దుకాణములో త్రాగునీరు, జిన్నింగు మిల్లులో దుమ్ము పీల్చుచు పనిచేయు స్త్రీకి ముక్కున కట్టుకొను గుడ్డ, గుమాస్తాకు సెలవు, వారము కూలి వారమునాడే చేతికి వచ్చుట — వీనికి ఏ విదేశీ కంపెనీ అనుమతియు అక్కరలేదు. మూడు ప్రశ్నలు అడుగుటకును ఖర్చు లేదు: ఈ సరకు ఎవరి చేతుల మీదుగా వచ్చినది? ఇంత చవుక యెట్లయినది? ఆ చవుకతనము ఎవరి వీపు మీద పడినది?

దీపావళినాడు క్రొత్త చోపడాలకు పూజ చేసి తొలిపుట మీద శుభము, లాభము అని వ్రాయుట వ్యాపార కుటుంబములలో ఆచారము. లాభమునకు ముందు శుభమును వ్రాసిన పెద్దలు ఊరక వ్రాయలేదు. సంవత్సరినాడు ఎనుబదినాలుగు లక్షల జీవయోనులను క్షమాపణ వేడు గృహస్థుడు, ఆ లెక్కలో తన దుకాణపు హమాలీయు, తాను చూడని చేనిలోని పిల్లయు ఉన్నారని తలచిన చాలును. వారిని క్షమాపణ వేడిన మరునాడే పాత ధరకే, పాత బరువుకే బేరము సాగించినచో, ఆ క్షమాపణ నోటి మాటగా మిగిలిపోవును.