ఎర్ర విల్లు, ఒక ఉడుత, సీతమ్మ అడిగిన మాట

శ్రీరామనవమి వీడియోలో రాములవారి పటం పక్కన కనిపించిన ఎర్రటి విల్లు కొన్నది కాదు. పిడుగురాళ్లలో మా ఇంటి పెరట్లో నేను చేసింది. ఎలా చేశానో చెప్తాను. వీడియోలో చెప్పకుండా దాటేసిన సంగతి ఒకటుంది, అదీ చెప్తాను. నిజానికి ఈ పోస్ట్ దానికోసమే.

మా అక్క కొడుక్కి ఏడేళ్లు. పండక్కి ప్లాస్టిక్ విల్లు వద్దు, నేనే చేసిస్తానని వాడికి మాటిచ్చాను. పొలం గట్టు మీద ఎప్పుడో కొట్టి పడేసిన సుబాబుల్ కర్ర దొరికింది. మా వైపు కాగితం మిల్లుల కోసం పెంచే చెట్టే. పచ్చి కర్ర పనికిరాదు, వంచితే వంపులోనే ఉండిపోతుంది. నాలుగడుగుల ముక్క తీసుకుని, మధ్యలో పట్టుకునే చోట మందంగా వదిలేసి, కొసలకి పోయేకొద్దీ సన్నబడేలా చెక్కాలి. చెక్కేది మనవైపు ఉండే ముఖాన్నే. అవతలి ముఖం వంచినప్పుడు సాగుతుంది కాబట్టి అక్కడ పీచు తెగకూడదు. నేను మొదటిదానికి అక్కడే గాటు పెట్టాను, అక్కడే విరిగింది. రెండోదానికి రెండు రోజులు పట్టింది. కొంచెం చెక్కడం, వంచి చూడడం, రెండు వైపులా సమానంగా వంగుతోందా లేదా అని మళ్లీ చూడడం. ఆఖర్న గాజుపెంకుతో గీకి నున్నగా చేశాను. గోగునారతో తాడు పేనింది అమ్మ.

ఇక రంగు. పసుపు మరిగించిన నీళ్లు మూడు పూతలు వేశాను, ఒకటి ఆరాక ఒకటి. దాని మీద సున్నపు తేట. పిడుగురాళ్లవాడు సున్నం కోసం వెతుక్కోవడమేంటి, చుట్టూ సున్నపు బట్టీలేగా! తేట తగలగానే పసుపు కాస్తా పారాణిలా ఎర్రబడింది. పసుపులో ఉండే కర్క్యుమిన్ క్షారం తగిలితే అలా మారుతుంది. మనకి దిష్టి తీసే ఎర్రనీళ్లు కూడా ఇదే. (సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం. ఆ పని పెద్దవాళ్లే చేయండి.)

పిల్లాడి బాణాలకి మొనల దగ్గర గుడ్డ చుట్టాను. ఒక్క కందిపుల్లకి మాత్రం మొన పదును చేసి పక్కన పెట్టుకున్నాను. ఎందుకని ఎవరైనా అడిగి ఉంటే 'టెస్టింగ్' అనేవాడిని.

ఆ సాయంత్రం పెరట్లో వేపచెట్టు మీద తలకిందులుగా ఉడుత ఒకటి ఉంది. పదిహేను అడుగుల దూరం ఉంటుందేమో. కొట్టాలని నిర్ణయించుకున్నట్టు నాకు గుర్తులేదు. చెయ్యి వెనక్కి లాగింది, వదిలింది. బాణం ఉడుతకి జానెడు కింద మానులో దిగింది. ఉడుత మాయం. నాకు ముందు కలిగింది సిగ్గు కాదండీ, తగల్లేదే అన్న చిరాకు! వెనకనుంచి చప్పట్లు వినిపించాయి. "ఇంకోసారి మామయ్యా, ఇంకోసారి!"

రామనవమికి చేసిన విల్లు, ఉడుత మీదికి. వారధి ఉడుత కథ వాల్మీకంలో లేదు లెండి, కానీ ఆ కథ వినకుండా పెరిగినవాళ్లు మనలో ఎవరున్నారు?

వాల్మీకంలో ఉన్నది వేరే కథ. అరణ్యకాండ 9వ సర్గ. దండకలో మునుల మొర విని, రాక్షసుల్ని చంపుతానని రాముడు మాటిచ్చాక సీతమ్మ ఆయన్ని ఆపి మాట్లాడుతుంది. మనిషికి కోరికవల్ల వచ్చే దోషాలు మూడంటుంది: అబద్ధం, పరస్త్రీ వ్యామోహం, వైరం లేకుండానే హింస. మొదటి రెండూ నీలో లేవు, మూడోది వస్తుందేమోనని భయంగా ఉందంటుంది. తర్వాత ఒక తపస్వి కథ చెప్తుంది. ఇంద్రుడు సైనికుడి వేషంలో వచ్చి, ఆయన దగ్గర కత్తి దాచమని ఇచ్చి వెళ్తాడు. ఒకరి సొమ్ము పోకూడదని ఆ తపస్వి పండ్లకి వెళ్లినా దుంపలకి వెళ్లినా కత్తి వెంట తీసుకెళ్తాడు. రోజులు గడిచేకొద్దీ మనసు క్రూరమై, తపస్సు పోయి, చివరికి నరకానికి పోతాడు. అతను చెడ్డవాడని సీతమ్మ ఎక్కడా అనదు. ఇంకొకరి వస్తువుని జాగ్రత్తగా చూసుకోవడంతోనే మొదలైంది అదంతా.

మా ఆఫీసులో ప్రొడక్షన్ డేటాబేస్‌లో డిలీట్ చేసే పర్మిషన్ అందరికీ ఇవ్వరు. నాకు లేదని మొదట్లో ఉడుక్కున్నాను. ఇప్పుడు అర్థమవుతోంది, అది నా మీద అనుమానం కాదు.

"మన దేవుళ్లందరి చేతుల్లో ఆయుధాలుంటే నువ్వు పిరికితనం నేర్పుతున్నావా" అని మా ఫ్రెండ్ ఒకడు గట్టిగానే అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. రాముడు కూడా విల్లు దించలేదు. అలాగని సీతమ్మని కసురుకోనూ లేదు, ప్రేమ ఉంది కాబట్టే చెప్పావని సంతోషించాడు. ఆర్తుల ఏడుపు వినపడకూడదనే క్షత్రియుడు విల్లు పడతాడని, అడిగినవాళ్లకి ఇచ్చిన మాట తప్పలేనని జవాబిచ్చాడు. ఆయన బాణం వెనక మునుల మొర ఉంది. నా కందిపుల్ల వెనక ఎవరున్నారు? మా దగ్గర్లోని కారెంపూడిలో పల్నాటి వీరుల ఆయుధాల్ని గుడిలో పెట్టి కొలుస్తారు, కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు ఉత్సవం చేస్తారు. అన్నదమ్ముల మధ్య యుద్ధంలో పోయినవాళ్ల కోసం చేసే పండుగ అది. ఆ ఆయుధం ముందు నిలబడినవాడికి ఎవరు చచ్చిపోయారో గుర్తుంటుంది. పెరట్లో నాకు ఏమీ గుర్తులేదు.

తప్పు చేశానని ఆ రాత్రే పిల్లాడికి చెప్పాను. "తగల్లేదుగా మామయ్యా" అన్నాడు. తగలకపోవడం నా గురి బాగోలేకపోవడం వల్లే అన్నాను. వాడికి నవ్వొచ్చింది. ఇంకా ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

వాడకం లేనప్పుడు విల్లుకి తాడు విప్పేయాలి, లేకపోతే కర్ర వంపు తిరిగిపోతుంది. అందుకే విప్పానని ఇంట్లో చెప్పాను. విల్లు దేవుడి గదిలో ఉంది, తాడు నాతో పాటు హైదరాబాద్ వచ్చింది. సున్నం గాలికి సుద్దలా మారి క్షారం తగ్గినకొద్దీ ఎరుపు మళ్లీ పసుపుకి తిరుగుతుంది. మొన్న ఫోన్‌లో అమ్మ అదే అంది, రంగు వెలిసిపోతోందిరా అని. పిల్లాడు ఫోన్ లాక్కుని, దసరాకి వచ్చినప్పుడు తాడు తెస్తావా అని అడిగాడు. నేను ఏదో చెప్పేలోపే, ఉడుత ఇప్పుడు గోడ మీదికి కూడా వస్తోందన్నాడు.