పక్కన పెడితేనే తెలిసేది

ఆండీస్ కొండల చలిలో పుట్టిన చించిల్లా రెండు అరచేతుల్లో ఇమిడే ప్రాణి. ఒక్కో కుదురు నుంచి 60 దాకా వెంట్రుకలు మొలిచే ఆ బొచ్చు కోసమే మనిషి దాన్ని వేటాడి, ఆ కొండల్లో దాదాపు లేకుండా చేశాడు. 1923లో మథయాస్ చాప్‌మన్ అనే గనుల ఇంజినీరు చిలీ నుంచి 11 చించిల్లాలను, వేడి తగలకుండా మంచుగడ్డలతో చల్లబరుస్తూ, ఓడలో కాలిఫోర్నియాకు చేర్చాడు. అమెరికాలో ఇళ్లలో పెరిగే చించిల్లాలు చాలామటుకు ఆ పదకొండింటి సంతతే. ఈ కథ అలాంటి ఒక చిన్న మందది.

కాలిఫోర్నియా కొండవాలులో ఒక యువకుడికి 8 ఆడ చించిల్లాలు, 2 మగవి ఉండేవి. రోజూ పని నుంచి వచ్చాక వంటింటి బల్బు వెలుగులో ఒక్కోదాన్నీ ఎత్తి చూసుకునేవాడు. అన్నీ నీలిఛాయతో మెరుస్తున్నట్టే ఉండేవి. కాకిపిల్ల కాకికి ముద్దు.

కొంత డబ్బు కూడబెట్టి, కొండ అవతల ఏళ్ల తరబడి చించిల్లాలు పెంచుతున్న ముసలావిడ దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, ఈ డబ్బుకు ఎన్నొస్తాయి?"

"ఎన్నని తర్వాత చూద్దాం. నీ మందలో అన్నిటికన్నా మంచిదాన్ని రేపు పట్టుకురా అబ్బాయీ."

మర్నాడు తెచ్చాడు. ఆవిడ కొట్టంలో తెల్లరంగు వేసిన మూడు చిన్న పంజరాలు, పైన తెల్లటి ట్యూబులైటు ఉన్నాయి. అతని చించిల్లాను నడిమి పంజరంలో ఉంచి, తనవి రెండు అటూ ఇటూ పెట్టింది. ఏమీ అనలేదు. వాటి మధ్య అతనిది పసుపు జీరతో కనిపించింది.

అతనికి ముందు పంజరం మీద అనుమానం వచ్చింది. చోటు మార్చి చూశాడు. వెలుగు మీద అనుమానం వచ్చింది. తలుపు తీసి పగటి వెలుతురులో చూశాడు. ఎక్కడ పెట్టినా ఆ పసుపు జీర తన చించిల్లాతోనే వస్తోంది. ఇన్నాళ్లూ పసుపు బల్బు వెలుగులో ఆ పసుపు కనిపించలేదంతే. మొహం వాడిపోయింది.

ఆవిడ అతని చించిల్లా డొక్క మీద మెల్లిగా ఊదింది. బొచ్చు గుండ్రంగా విడి, మళ్లీ దగ్గరకొచ్చింది. "దిగులు పడకు. ఒత్తు బాగుంది, ఒళ్లూ బాగుంది. అవి నీ మంద బలం. లోపం రంగులో ఉంది. ఇక మనం వెతకాల్సింది ఏమిటో తెలిసింది."

మూడు మగవాటిని చూపించింది. మొదటిదాన్ని చూడగానే అతని చెయ్యి ముందుకెళ్లింది. అంత పెద్దదాన్ని, అంత అందమైనదాన్ని అతను చూడలేదు. ఆవిడ దాని గడ్డం ఎత్తి వేలితో తడిమింది. తడిగా ఉంది. "చించిల్లా పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. దీని వెనక పళ్లు సరిగా కలవడం లేదు, అందుకే ఈ చొంగ. ఇది పిల్లలకూ దిగొచ్చు. దీన్ని అమ్మను, జత కట్టించను. బతికినన్నాళ్లూ నా దగ్గరే తింటుంది."

రెండోది చిక్కగా, ఒత్తుగా ఉంది కానీ రంగు అతనివాటిలాంటిదే. మూడోది మరీ పెద్దదేం కాదు. నీలం మాత్రం తేటగా ఉంది, పొట్ట తెల్లగా ఉంది. దాని తల్లిని కూడా చూపించింది: ఈతఈతకూ పిల్లల్ని చక్కగా సాకిన తల్లి.

ధర విని అతను ఆగిపోయాడు. తన డబ్బంతా. "దీనికి బయట ఆరు వస్తాయమ్మా."

"వస్తాయి. నీ దగ్గరున్నవాటిలాంటివే ఆరు."

ఆ ఒక్కదాన్నే కొన్నాడు. ఆడవాటి పంజరాల వెనక పొడవునా మగదానికి దారి కట్టాడు. ఆడవాటి మెడలకు పట్టీలు వేశాడు, అవి ఆ దారిలోకి దూరకుండా. మగది మాత్రం ఏ పంజరంలోకైనా వెళ్లొస్తుంది. 111 రోజుల చూలు, ఈతకు ఒకటో రెండో పిల్లలు, బొచ్చు ముదిరి రంగు తేలడానికి ఇంకెన్నో నెలలు. ఈలోగా తనూ ఒక ట్యూబులైటు బిగించి, పంజరాలకు తెల్లరంగు వేసుకున్నాడు. ముదిరిన ప్రతి పిల్లనూ తల్లి పక్కన పెట్టి చూశాడు. కొన్నింటిలో పసుపు పోలేదు. వాటిని పెంచుకునేవాళ్లకు ఇచ్చేశాడు. తేటగా వచ్చిన ఆడపిల్లల్లో మేలైనదాన్ని తీసుకుని, ఈసారి ఎవరూ అడక్కుండానే, కొండ దాటి వెళ్లి ఆవిడ చించిల్లాల మధ్య పెట్టాడు.

నీతి: మందను మెరుగుపరచాలనుకునేవాడు ముందు తన మంద లోపమేమిటో చెప్పగలగాలి. అది మేలైనదాని పక్కన నిలబెడితేనే తెలుస్తుంది.

చిన్న మందలో ఇది మరీ ముఖ్యం. ఒకే మగది అన్ని ఆడవాటితో కలిస్తే పుట్టే ప్రతి పిల్లలో సగం దానిదే. దాని మంచి ఎంత వేగంగా పాకుతుందో, చెడూ అంతే వేగంగా పాకుతుంది. ఆ అందమైన మొదటిదాన్ని ఆవిడ అమ్మి, అతను కొనుంటే, పుట్టిన పిల్లల్లో ఎన్నో తడి గడ్డాలతో, మేత నమల్లేక బాధపడి ఉండేవేమో. ఆ బాధ మనది కాదు, వాటిది. అందుకే ఎంపిక అంటే నాకు డబ్బు లెక్క కన్నా ముందు దయ లెక్క.

కంటికి నచ్చిందే చాలనుకోవడం ఇంకోచోటా దెబ్బకొడుతుంది. బ్లాక్ వెల్వెట్ అని నల్లటి మెరుపుతో ఒక రంగు ఉంది. రెండు వెల్వెట్‌లను జతకడితే, ఆ జన్యువు రెండింటి నుంచీ అందుకున్న పిల్ల బతకదు. తెలిసినవాళ్లు వెల్వెట్‌కు మామూలు బూడిదరంగుదాన్నే జతచేస్తారు. మామూలు అని తీసిపారేసే ఆ బూడిదరంగు తేటగా ఉంటేనే వెల్వెట్ కూడా తేటగా వస్తుంది.

కొత్తవాళ్లు ప్రదర్శనలకు తమ చించిల్లాలను తేవడానికి జంకుతారు, ఓడిపోతాయేమోనని. తీసుకెళ్లండి. అక్కడా ఇవే తెల్ల పంజరాలు, ఇదే తెల్ల వెలుగు, ఒకే రంగువన్నీ వరసగా. వెనక్కి జరిపిన మీ పంజరం దగ్గర నిలబడి, దాన్ని ఎందుకు జరిపారో న్యాయనిర్ణేతను అడిగి కాగితం మీద రాసుకోండి. వచ్చే జతకు ఏ మగదాన్ని వెతకాలో ఆ కాగితంలో ఉంటుంది.